వాడిన ఓఎల్‌ఈడీ టీవీ కొనాలా వద్దా: నా అనుభవం

మా పాత టీవీలో ఒక మూల బ్యాక్‌లైట్ పోయింది. బాగు చేయించినా ఎన్నాళ్ళు వస్తుందో నమ్మకం లేక మార్చేద్దాం అనుకున్నాం. మా దగ్గరున్న డబ్బుకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, షోరూమ్‌లో సీలు విప్పని మామూలు ఎల్‌ఈడీ టీవీ. రెండోది, మూడు నాలుగేళ్ళ కిందట తన కంపెనీలో పై వరసలో నిలిచిన ఓఎల్‌ఈడీ టీవీ, ఎవరో వాడి అమ్ముకుంటున్నది. మా ఆవిడ మొదటిదే మేలంది, నాకు రెండోదాని మీద మనసు పోయింది. ఏదో ఒకటి తేలేలోపు నేను తెలుసుకున్నవి, అమ్మేవాళ్ళ ఇళ్ళలో టీవీ ముందు నిలబడి చూసినవి ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. కొత్తదానికి వారంటీ ఉంటుంది, పాడైతే ఫోన్ చేస్తే మనిషి వస్తాడు. వాడినదానికి మనకు మనమే దిక్కు. "ఇన్నేళ్ళు హాయిగా చూసుకుని, సరిగ్గా పాడయ్యే ముందు మనకు అంటగడుతున్నారేమో, ఎలా తెలుస్తుంది?" అంది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నేను చేసిందంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడమే.

ముందు నా వైపు వాదన చెప్తాను. టీవీ ధర ఎంత వేగంగా పడిపోతుందో దాని బొమ్మ అంత వేగంగా పాడవదు. ఏటా కొత్త మోడల్ వస్తుంది, పేరు చివర అంకె మారుతుంది, పాతదాని ధర జారిపోతుంది. ఎల్‌జీ వాళ్ళ 'సీ' వరస చూడండి. 2019లో సీ9, 2020లో సీఎక్స్, 2021లో సీ1, 2022లో సీ2. ఆ సీ9లోనే నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులూ (గేమ్ కన్సోల్, సెట్‌టాప్ బాక్స్ లాంటివి తగిలించేవి) 2.1 రకానివి. 4కేలో సెకనుకు 120 ఫ్రేములు తీసుకుంటుంది, సినిమాల్లో వెలుగునీడలు ఇంకా బాగా చూపే డాల్బీ విజన్ ఉంది, సౌండ్‌బార్‌కు పూర్తి ఆడియో పంపే ఈ-ఆర్క్ కూడా ఉంది. ఇప్పుడు చవగ్గా దొరికే చాలా కొత్త టీవీల్లో ఇవన్నీ కలిపి ఉండవు. చాలావాటిలో ప్యానెలే (బొమ్మ చూపే తెర) 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 60 ఫ్రేములే.

అసలు తేడా నలుపులో ఉంది. మామూలు ఎల్‌ఈడీ టీవీ అంటే వెనక లైట్లు, ముందు ఆ వెలుతురును ఆపే ఎల్‌సీడీ పొర. ఎంత ఆపినా కొంత కారుతుంది. అందుకే రాత్రి సీన్లలో నలుపు బూడిదరంగులోకి తిరుగుతుంది. ఓఎల్‌ఈడీలో వెనక లైటే ఉండదు. 4కే తెరలోని 80 లక్షల పైచిలుకు పిక్సెళ్ళలో ప్రతి ఒక్కటీ దేనికదే వెలుగుతుంది, నలుపు కావాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది. మేము సినిమాలు చూసేది ఎక్కువగా రాత్రిపూట, లైట్లు తీసేసి. పగటిపూట కిటికీ ఎదురుగా టీవీ పెట్టుకునే ఇల్లయితే ఈ వాదనలో సగం బలం పోతుంది. అలాంటి గదికి బాగా వెలుతురిచ్చే ఎల్‌సీడీయే నయం.

ఇక ఇబ్బంది సంగతి. ఓఎల్‌ఈడీ పిక్సెల్ వెలిగిన కొద్దీ అరుగుతుంది. లోపల ఉన్నవి సేంద్రియ పదార్థాలు, వాటిలో నీలం రంగుది అన్నిటికన్నా ముందు అలసిపోతుంది. తెర మొత్తం సమానంగా అరిగితే మన కంటికి తెలియదు. ఒకే చోట ఒకే బొమ్మ గంటల తరబడి నిలబడితే ఆ చోటు మిగతా తెరకన్నా ఎక్కువ అరిగిపోతుంది, ఆ బొమ్మ తాలూకు నీడ శాశ్వతంగా ఉండిపోతుంది. బర్న్-ఇన్ అనేది దీన్నే. మూల నిలబడే ఛానెల్ లోగో, కింద ఎర్రటి పట్టీ మీద పరిగెత్తే వార్తలు, గేమ్‌లో ఎప్పుడూ కనిపించే మ్యాపు, కంప్యూటర్‌కు తగిలిస్తే కింద ఉండే టాస్క్‌బార్, ఇవే ఎక్కువగా అంటుకునేవి.

ఇది ఎంతవరకు నిజమో, ఎంత భయమో తేల్చుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది, టీవీలను పరీక్షించి రాసే వెబ్‌సైట్ ఆర్‌టింగ్స్ వాళ్ళ పరీక్ష. 2018లో వాళ్ళు ఒకే రకం ఎల్‌జీ సీ7 టీవీలు ఆరు తీసుకుని, రోజుకు 20 గంటల చొప్పున, ఒక్కోదాంట్లో ఒక్కో రకం వాడకం పెట్టి నడిపారు. వార్తా ఛానెల్‌తో రెండు నడిచాయి, ఒకటి మామూలు వెలుతురులో, ఒకటి పూర్తి వెలుతురులో. పూర్తి వెలుతురులో నడిచినదాని మీద మచ్చలు త్వరగా తేలాయి. లోగో ఎక్కువసేపు నిలవని రకరకాల బొమ్మలు నడిచిన టీవీ అన్ని గంటలు ఆడినా దాదాపు శుభ్రంగానే ఉండిపోయింది. టీవీ ఒకటే, గంటలూ ఒకటే. మారింది అందులో చూసినదీ, పెట్టిన వెలుతురూ.

అక్కడ నాకు విషయం అర్థమైంది. ప్రకటనల్లో అందరూ రాసేది "రెండేళ్ళు వాడింది", "మూడేళ్ళు వాడింది" అని. అమ్మే టీవీ వయసు నాకు అంత అక్కర్లేదు. ఆ ఇంట్లో ఏం చూశారు, ఎంత వెలుతురు పెట్టి చూశారు, ఎలా ఆపారు, ఇవే నాకు కావాలి. ఒక రకంగా ఆ ఇంటివాళ్ళ అలవాట్లు కొనుక్కుంటున్నాం. అలవాట్ల గురించి మనుషులు చెప్పేదాన్ని నమ్మలేం, తెర చెప్పేదాన్ని నమ్మొచ్చు.

ఎలా ఆపారు అన్నది ఎందుకంటే, ఇది చాలామందికి తెలియదు. ఓఎల్‌ఈడీ టీవీ తనను తాను సరిచేసుకుంటుంది. ఎల్‌జీ వాటిలో అయితే మొత్తం మీద 4 గంటలు చూశాక, రిమోట్‌తో ఆపినప్పుడు, తెర చీకటిగానే ఉండి లోపల కొన్ని నిమిషాల పాటు ఒక దిద్దుబాటు నడుస్తుంది. ఒక్కో పిక్సెల్‌ను నడిపే ట్రాన్సిస్టర్లలో వచ్చిన తేడాలను కొలిచి సరిచేస్తుంది. దగ్గర కూర్చుంటే అయిపోయాక టిక్కుమని చిన్న చప్పుడు వినిపిస్తుంది. అలాగే 2000 గంటలకోసారి గంట సేపు పట్టే పెద్ద దిద్దుబాటు ఉంటుంది. ఇవి జరగాలంటే టీవీకి కరెంటు అందుతూ ఉండాలి. రిమోట్‌తో ఆపగానే గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేస్తే దిద్దుబాటు జరగదు. మళ్ళీ మళ్ళీ అలా చేస్తే తెర మీద చారలు, నీడలు పేరుకుంటాయి. కరెంటు ఆదా అని చేసే పని తెరకు చెరుపు.

చూడటానికి వెళ్ళేముందు ఒక పెన్ డ్రైవ్ తయారు చేసుకున్నాను. అందులో తెర నిండా ఒకే రంగు ఉండే బొమ్మలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు, తెలుపు, సగం బూడిదరంగు, ఆపైన దాదాపు నలుపే అనిపించే 5 శాతం బూడిదరంగు. ఇవే యూట్యూబ్‌లో కూడా దొరుకుతాయి కానీ, అక్కడ వీడియోను కుదించడం వల్ల లేని చారలు ఉన్నట్టు కనిపిస్తాయి. ముఖ్యంగా ముదురు బూడిదరంగులో మోసపోతాం. పెన్ డ్రైవ్‌లో బొమ్మ ఫైళ్ళు పెట్టుకోవడమే నయం. దానితోపాటు ఒక మంచి హెచ్‌డీఎంఐ కేబుల్, మా అబ్బాయి గేమ్ కన్సోల్ కూడా పట్టుకెళ్ళేవాణ్ణి. "టీవీ చూడ్డానికి వచ్చారా, పెట్టడానికి వచ్చారా?" అని ఒకాయన నవ్వాడు కూడా.

ఫోన్‌లో అడిగే ప్రశ్నలు కూడా మెల్లగా మార్చుకున్నాను. "బర్న్-ఇన్ ఉందా?" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. చాలామందికి నిజంగానే తెలియదు, మామూలు సినిమా నడుస్తుంటే అది కనిపించదు కదా. అందుకని "ఇంట్లో ఎక్కువగా ఏం చూస్తారండీ?", "పిల్లలు గేములు ఆడతారా?", "పడుకునేటప్పుడు స్విచ్ ఆపేస్తారా?" అని మాటల్లో పెట్టి అడిగేవాణ్ణి. వాళ్ళకు ఇవి మామూలు కబుర్లు. "పొద్దున్న లేస్తే రాత్రి దాకా వార్తలు మోగాల్సిందే సార్, మా నాన్నగారికి అదే కాలక్షేపం" అని ఒకాయన మురిపెంగా చెప్పాడు. ఆయనకు దండం పెట్టి ఫోన్ పెట్టేశాను.

నలుపు బాగా చూపే పాత రకం, వాడిన ప్లాస్మా టీవీ ఎందుకు చూడకూడదు అని ఒక స్నేహితుడు అడిగాడు. ఒకప్పుడు పయనీర్ కంపెనీ ప్లాస్మా టీవీ కూరో అంటే సినిమా ప్రియులకు కలల టీవీ. కానీ పానసోనిక్ కూడా 2013లోనే ప్లాస్మా తయారీ ఆపేసింది. విడిభాగాలు ఎక్కడ తెస్తాం? పైగా దాదాపు అన్నీ ఫుల్ హెచ్‌డీ వరకే, వేడి, కరెంటు ఎక్కువ. ముచ్చట పడి దాచుకునేవాళ్ళ సరుకు అది. హై ఎండ్ ఎల్‌సీడీలు కూడా చూశాను గానీ, వాటి వెనక లైట్లు పోతే ఆ చోట మసక మచ్చలు పడతాయి. మా పాత టీవీ ఆ పాఠం చెప్పే ఉంది కాబట్టి మళ్ళీ వాటి జోలికి పోబుద్ధి కాలేదు.

ఇక నాకు బాగా గుర్తుండిపోయిన తెర ఒకటుంది. కంపెనీ పేరు అనవసరం. 65 అంగుళాలది, గోడకు బిగించి ఉంది, చుట్టూ ఒక్క గీత లేదు. ధర కూడా మిగతావాటికన్నా తక్కువ. మేము వెళ్ళేసరికే అమ్మే అబ్బాయి సముద్రం అడుగున రంగురంగుల చేపల వీడియో పెట్టి ఉంచాడు. ఎంత బాగుందంటే, అప్పటిదాకా కొత్తదే కొందామన్న మా ఆవిడ కూడా నా వైపు చూసి కళ్ళెగరేసింది. అమ్మేటప్పుడు ఎవరైనా ఇలాంటి వీడియోలే పెడతారు. నిలకడగా ఏదీ ఉండదు, ప్రతి అంగుళంలో ఏదో ఒకటి కదులుతూ ఉంటుంది.

పెన్ డ్రైవ్ పెట్టి ముందు తెలుపు చూశాను. పర్వాలేదు. నీలం, ఆకుపచ్చ, ఏమీ లేదు. సగం బూడిదరంగులో కింద ఏదో ఉందా లేదా అన్నట్టు ఉంది. ఎరుపు పెట్టగానే మాత్రం అంతా బయటపడింది. కింద తెర పొడవునా ఒక అడ్డపట్టీ, పైన కుడి మూల గుండ్రటి మచ్చ. ఇంకాస్త దగ్గరికి వెళితే ఆ గుండ్రంలో లోగో అంచులు కూడా తెలుస్తున్నాయి. పట్టీ ఎడమ చివర ఇంకొంచెం ముదురుగా చిన్న పెట్టె ఉంది. "బ్రేకింగ్" అని రాసే పెట్టె అది. చదవడానికి ఒక్క అక్షరం లేదు, కానీ ఆ ఇంట్లో ఏ రకం ఛానెల్ ఎక్కువగా నడిచిందో తెర అప్పజెప్పేసింది.

ఎరుపులోనే ఎందుకు కనిపించిందంటే, అలాంటి పట్టీలు, లోగోలు ఎక్కువగా ఎరుపే. ఆ చోట ఎర్ర ఉపపిక్సెళ్ళు (ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు ఇచ్చే భాగాలు) ఎక్కువ వెలిగి ఎక్కువ అరిగాయి. మిగతా రంగులు వాడే బొమ్మలో ఆ లోటు కలిసిపోతుంది. సినిమాలో మనిషి ముఖం సరిగ్గా ఆ చోటికి వచ్చినప్పుడు, లేదా క్రికెట్‌లో ఎర్ర జెర్సీలు వచ్చినప్పుడు బయటపడుతుంది.

ఆ అబ్బాయి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇన్నాళ్ళూ నేనెప్పుడూ చూడలేదండీ" అన్నాడు, నేను నమ్మాను. వెంటనే "సెట్టింగ్స్‌లో పిక్సెల్ రిఫ్రెషర్ అని ఉంటుందంట, అది కొడితే పోతుంది, కొట్టి ఇస్తాను" అన్నాడు. అది పోయే రకం మచ్చ అయితే పోతుంది. అరిగిపోయినదాన్ని అది వెనక్కి తేలేదు. ఉన్న తేడా కంటికి ఆనకుండా సర్దడానికి చూస్తుంది, అంతే. పైగా ఊరికే పదేపదే నడపమని కంపెనీలు కూడా చెప్పవు. పిక్చర్ సెట్టింగ్స్ తెరిచి చూస్తే మోడ్ 'వివిడ్', వెలుతురు నూటికి నూరు. అంతా అతికినట్టు సరిపోయింది. ఇంకా తగ్గిస్తానన్నాడు గానీ వద్దనేశాం. బయటికొచ్చాక మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ టెన్షన్.

ఈ చూడటంలో ఇంకో రెండు సంగతులు తెలియకపోతే మంచి టీవీని కూడా చెడ్డదనుకుంటాం. నిలకడ బొమ్మను అలాగే ఉంచితే కాసేపటికి తెర మెల్లగా మసకబారుతుంది. అది జబ్బు కాదు, తెరను కాపాడటానికి టీవీయే వెలుతురు తగ్గిస్తుంది. రిమోట్‌లో ఏదో ఒకటి నొక్కితే మళ్ళీ వస్తుంది. అలాగే తెర మొత్తం తెలుపు పెడితే, చిన్న తెల్ల గడి పెట్టినప్పటికన్నా తక్కువ వెలుగుతుంది. అదీ ఓఎల్‌ఈడీ లక్షణమే. ఇక 5 శాతం బూడిదరంగులో సన్నటి నిలువు చారలు కాస్తో కూస్తో కొత్త టీవీల్లో కూడా ఉంటాయి. ఫుట్‌బాల్ మైదానం మీద కెమెరా అటూ ఇటూ తిరిగినప్పుడు కనిపించేంత ఉంటేనే పట్టించుకోవాలి.

చివరికి ఒక పెద్దాయన దగ్గర చూశాం. కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు, అక్కడ టీవీ ఉంది, అందుకని అమ్ముతున్నారు. అమ్మడానికి కారణం నమ్మేలా ఉండటం కూడా ఒక లెక్కే. బిల్లు ఉంది, వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబరుతో సరిపోయింది. అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ ముక్కలతో సహా అటక మీద దాచి పెట్టారు. సినిమాలు చూస్తాను, వార్తలు పేపర్‌లోనే అన్నారు. పిక్చర్ మోడ్ 'సినిమా'లో ఉంది, వెలుతురు సగం దగ్గర ఉంది. నడిచిన గంటలు చూశాను. కొన్ని టీవీల్లో టీవీ సమాచారం పేజీలోనే ఉంటుంది, కొన్నింట్లో దాచిపెట్టిన మెనూలో ఉంటుంది. ముందే ఆ మోడల్‌కు ఎలాగో తెలుసుకుని వెళ్ళాలి. రోజుకు మూడు గంటలు కూడా పడని లెక్క అది.

ఎరుపు శుభ్రం. పసుపు శుభ్రం. సగం బూడిదరంగులో మాత్రం నడిమధ్య వెడల్పుగా ఒక మసక నీడ, పక్కన రెండు మూడు నిలువు చారలు. నా గుండె జారింది. ఆకారం అంటూ ఏమీ లేదు, లోగో కాదు, పట్టీ కాదు. అన్ని రంగుల్లోనూ లేదు. మామూలుగా అడిగినట్టు అడిగాను, రాత్రి ఎలా ఆపుతారండీ అని.

"రిమోట్‌తో ఆపి, స్విచ్ కూడా ఆపేస్తాను బాబూ. ఎర్ర లైటు వెలుగుతుంటే నాకు నిద్ర పట్టదు."

అంటే చిన్న దిద్దుబాటు సరిగ్గా జరిగి ఎంతకాలమైందో. పెద్ద దిద్దుబాటు సంగతి సరేసరి. ఆయనకు విషయం వివరించి, ఒక్క కోరిక కోరాను. ఈ రాత్రి ఎప్పటిలాగే సినిమా చూడండి, రిమోట్‌తో మాత్రమే ఆపండి, స్విచ్ ముట్టుకోకండి, మళ్ళీ వచ్చి చూస్తాను, సరిపోతే మీరు చెప్పిన ధరకు దగ్గరగా తీసుకుంటాను. ఆయనకు నమ్మకం కలగలేదు. "స్విచ్ ఆపకపోతే టీవీ బాగుపడుతుందా? ఇదెక్కడి చోద్యం?" అన్నారు. ఎర్ర లైటు మీద చిన్న కాగితం ముక్క అంటించుకోండి అన్నాక ఒప్పుకున్నారు. ఈలోగా ఇంకెవరైనా వస్తే అని కొంత అడ్వాన్స్ ఇస్తానన్నాను, "ముందు చూసుకో బాబూ, తర్వాత ఇద్దువు" అన్నారు.

మళ్ళీ వెళ్ళేసరికి ఆయనే ముందు చెప్పారు, అర్ధరాత్రి లోపల టిక్కుమందని. పెన్ డ్రైవ్ పెట్టాను. సగం బూడిదరంగులో నడిమి నీడ లేదు. చారల్లో ఒకటి ఎడమ వైపు మిగిలింది, అది కూడా ఉందని తెలిసి వెతికితేనే. శాశ్వతమైన అరుగుదలకు, సరిచేసుకోక పేరుకున్న తేడాకు మధ్య గీత ఎక్కడో నాకు అప్పుడు కళ్ళారా కనిపించింది. ఎంత గొప్ప వివరణ చదివినా ఆ నమ్మకం రాదు.

తెర అయ్యాక మిగతావి త్వరగా చూసుకున్నాను. నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులకూ ఒక్కోదానికి కన్సోల్ తగిలించి చూశాను. ఇది ఒక్క పోర్టుతో సరిపెట్టే పని కాదు. పోర్టు చెడిపోతే లోపలి బోర్డు సంగతి చూడాల్సి వస్తుంది. పైగా అన్ని టీవీల్లో అన్ని పోర్టులూ ఒకటి కావు. ఉదాహరణకు సోనీ 2021 ఓఎల్‌ఈడీల్లో 4కే 120 తీసుకునేవి రెండే పోర్టులు, అందులో ఒకటి సౌండ్‌బార్ తగిలించాల్సిన ఈ-ఆర్క్ పోర్టే. శాంసంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు. ఎల్‌జీ 2020 నుంచి 2022 దాకా వచ్చిన మోడళ్ళలో డీటీఎస్ ఆడియో (సినిమా డిస్కుల్లో ఎక్కువగా ఉండే ఒక రకం సౌండ్) తీసేసింది, 2019 సీ9లో ఉంది, మళ్ళీ 2023 సీ3లో పెట్టింది. బ్లూ-రే డిస్కులు దాచుకున్నవాళ్ళకు ఇది పెద్ద విషయం, మిగతావాళ్ళకు అసలు విషయమే కాదు. వైఫై పట్టుకుంటుందా, రెండు స్పీకర్లూ మోగుతున్నాయా, రిమోట్‌లో అన్ని బటన్లూ పనిచేస్తున్నాయా చూశాను. స్టాండు స్క్రూలు ఒక చిన్న కవర్‌లో వేసి ఇచ్చారు. వాడిన టీవీ కొనేవాళ్ళు అడగడం మరిచిపోయేది, తర్వాత వెతుక్కునేది ఈ స్క్రూలే. యాప్‌లు పాతబడిపోతాయేమో అని మాత్రం నేను బెంగ పెట్టుకోలేదు. టీవీలో సాఫ్ట్‌వేర్ ఆగిపోతే పక్కన ఒక చిన్న స్ట్రీమింగ్ పెట్టె తగిలిస్తే పని జరుగుతుంది, ప్యానెల్ అలా మార్చుకోలేం.

ప్యానెల్ మాట వచ్చింది కాబట్టి ధర ఎలా కట్టామో చెప్తాను. ఓఎల్‌ఈడీలో ప్యానెల్ పోతే దాని ఖరీదు, వాడిన టీవీకి మనం పెట్టిన డబ్బును మించిపోవచ్చు. అంటే బాగు చేయించడం అనే మాటే ఉండదు. బర్న్-ఇన్‌కు మామూలు వారంటీలో కూడా చోటు ఉండదు. అందుకని వారంటీ అసలు లేదనే లెక్క వేసుకున్నాం. ఈ టీవీ ఎన్నాళ్ళు వస్తే మాకు బాధ లేదు? మా ఆవిడే ఆ ప్రశ్న వేసింది, తనే జవాబు చెప్పింది: కొత్త మామూలు టీవీ వారంటీ ఉన్నంతకాలం ఇది వస్తే చాలు, ఆ తర్వాత వచ్చేదంతా లాభం. అలా చూస్తే కొత్తదాని ధరలో ముప్పావు వంతు దాటి పెట్టకూడదని తేలింది. పెద్దాయన చెప్పినదానికి మేము అనుకున్నదానికి పెద్ద తేడా లేదు. మిగిలిన ఆ ఒక్క చార చూపించి కొంచెం తగ్గించమన్నాను, తగ్గించారు.

డబ్బు ఇచ్చేముందు ఆయన ఖాతాల నుంచి లాగ్ అవుట్ చేయించి, ఆయన ఎదురుగానే ఫ్యాక్టరీ రీసెట్ చేశాను. అలా చేయకపోతే పాత యజమాని ఈమెయిల్, చూసిన చరిత్ర, అన్నీ మన ఇంటికి వచ్చేస్తాయి. ఆయన కొడుకు పంపిన ఫొటోలు టీవీలో కనిపించేలా పెట్టుకున్నారు. ఫోన్‌లో కూడా ఉన్నాయని చూసుకున్నాకే రీసెట్ నొక్కాను.

మోసుకురావడం ఇంకో కథ. ఓఎల్‌ఈడీ పై భాగం అట్టంత పలుచన, లోపల ఉన్నది గాజు. ఆ పలుచటి అంచు పట్టుకుని ఎత్తితే పగులుతుంది. కింద బోర్డులుండే మందపాటి భాగం పట్టుకోవాలి, ఇద్దరు మనుషులుండాలి, దారంతా నిలువుగానే ఉండాలి. "పడుకోబెడితే సుఖంగా వస్తుంది కదా సార్" అన్న బండి అతనికి నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. అటక మీది అట్టపెట్టె లేకపోతే అసలు తేగలిగేవాళ్ళమో లేదో. ఇంటికి తెచ్చాక మొదటి పనిగా పెన్ డ్రైవ్ పెట్టి అవే రంగులు మళ్ళీ చూశాను. దారిలో ఏమైనా అయి ఉంటే అప్పుడే తెలియాలి.

ఇప్పుడు మా ఇంట్లో లోగో వెలుతురు తగ్గించే సెట్టింగ్ ఆన్‌లో ఉంది, పిక్చర్ మోడ్ ఫిల్మ్‌మేకర్. మా అబ్బాయి గేమ్ ఆపి లేచినప్పుడు మెనూ అలాగే వదిలేస్తే వాడికి తిట్లు. అప్పుడప్పుడు ఎరుపు బొమ్మ పెట్టి చూస్తుంటాను, మా ఆవిడ నవ్వుతుంది. కొత్తదానికి అనుకున్న డబ్బులో మిగిలినది ముట్టుకోకూడదన్నది ఆవిడ పెట్టిన షరతు. ప్యానెల్ ఎప్పుడు పోయినా తర్వాతి టీవీకి అదే మొదటి వాయిదా. సౌండ్‌బార్ కొందామని ఒకటి రెండుసార్లు కదిపి చూశాను, కుదరలేదు.